స్త్రీల ఆరోగ్యము: గర్భసంచి తీయించుకొనుటకు ముందును, పిదపను

"పిల్లలు కలిగిరి, ఆపరేషనైనది, ఇక నీ సంచితో నేమి పని?" అను మాట మన తెలుగు గ్రామములలో వినని స్త్రీ యుండదు. అత్తగా రనును, పొరుగామె యనును, ఒక్కొక్కప్పుడు వైద్యుడును అనును. నెలనెల అధిక రక్తస్రావముతో నలిగిపోవు నిల్లాలికి ఆ మాట సమంజసముగనే తోచును. పుచ్చిన పన్ను తీయించినట్లు చెడిన గర్భాశయమును తీయించిన బాధ వదలును గదా యని యామె యనుకొనును. ఈ తలంపులో నొక పెద్ద లోపము గలదు. అది యెట్టిదో, దానినిగూర్చి పరిశోధకు లేమి కనుగొనిరో, మన స్త్రీలు వైద్యుని యేమని యడుగవలెనో ఈ మాసము సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఇది వ్రాయునపుడు తిరువూరు ప్రాంతమునందలి వినగడపవంటి గ్రామములో నుండు నొక యిల్లాలిని మనస్సున నుంచుకొన్నాము. ఆమె ఫలానా స్త్రీ కాదు. ఏ యూర నైనను ఉండదగిన స్త్రీ. చిన్ననాడే పెండ్లియైనది. ఇద్దరు బిడ్డలు కలిగినంతనే, ఇరువదియైదేండ్లు నిండకమునుపే, పిల్లలు పుట్టకుండ ఆపరేషను చేయించుకొన్నది. ఇప్పు డామెకు ముప్పదినాలుగేండ్లు. నాట్లు, పత్తితీత, మిరపకోత, ఇంటిలో పాడి, వంట, ముసలివారి సేవ, అన్నియు నామెవే. ముట్టు వచ్చిన వారము దినములు నడుము లేవదు. గుడ్డలు తడిసిపోవును. కూలి పోవును. డాక్టరునొద్దకు పోవలెనన్న తిరువూరో, విజయవాడయో, ఖమ్మమో పోవలెను. కట్టలేరు పొంగినచో వినగడపవద్ద దారియే మునిగి రాకపోకలు నిలిచిపోవును. పదిమారులు తిరిగి మందులు వాడుటకంటె ఒక్కమారు తీయించుకొనుటయే మేలని యామెకు తోచినచో నది యామె తెలివితక్కువ కాదు. దూరము, ఖర్చు, పని తీరుబడి లేకుండుట, ఈ మూడును ఆమెచేత నట్లనిపించినవి. అట్లు తోచు స్త్రీకి ఎదుటివారు నిజమంతయు చెప్పుట విధి. అదియే జరుగుట లేదు.

అంకెలు చూడుడు. 2015–16 సంవత్సరములలో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలను, గర్భాశయము తీయించుకొంటిరా యని మొదటిసారి సూటిగా నడిగిరి. దేశమంతట నట్టివారు నూటికి 3.2 వంతున నుండగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7 వంతున నుండిరి. అన్ని రాష్ట్రములలోను మన రెండు తెలుగు రాష్ట్రములే ముందు నిలిచినవి. ఇట్టి ముందుతనము మన మెవ్వరమును కోరదగినది కాదు. దేశమున ఈ శస్త్రచికిత్స జరిగినవారిలో సగముమందికి అప్పటికి 34 ఏండ్లు దాటలేదు. మూడింట రెండువంతుల ఆపరేషనులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. కారణ మేమని యడుగగా, నూటికి 56 గురు అధికరక్తస్రావమో ముట్టునొప్పియో యని చెప్పిరి. ఇవి చాలవఱకు మందులతో కుదుర్పదగిన బాధలు.

ఇక అసలు సంగతికి వత్తము. స్త్రీ కడుపులో గర్భాశయము వేఱు, అండాశయములు వేఱు. గర్భాశయము శిశువు పెరుగుటకైన గది. దానికి రెండు ప్రక్కల, బాదంగింజ యంత ప్రమాణముగల రెండు గ్రంథులు గలవు. అవియే అండాశయములు. అవి నెలకొక యండమును విడుచుటయే కాక, ఈస్ట్రోజను, ప్రొజెస్టరోను అను హార్మోనులను రక్తములోనికి పంపుచుండును. ఈ ఈస్ట్రోజను సంతానమునకు మాత్రమే పనికివచ్చు పదార్థ మని తలంచుట తప్పు. ఎముకలు, రక్తనాళములు, చర్మము, నిద్ర, జ్ఞాపకశక్తి, మూత్రకోశము, ఇవన్నియు దాని చలువనే కొంతవఱకు బాగుండును.

ఎముకల విషయమే తీసికొందము. ఎముక రాయివంటిది కాదు. ప్రతిదినము కూలి ప్రతిదినము లేచు గోడవంటిది. పాతదానిని తవ్వివేయు కణములు కొన్ని, క్రొత్తదానిని కట్టు కణములు కొన్ని గలవు. తవ్వువారి చేయి మీఱకుండ అదుపులో నుంచునది ఈస్ట్రోజను. అది తగ్గినచో తవ్వకము హెచ్చును, కట్టుబడి వెనుకబడును. ముట్లుడిగిన తరువాతి మొదటి కొన్ని యేండ్లలో వెన్నెముకలోని సాంద్రత యేడాదికి నూటికి రెండు మూడు పాళ్ళవంతున తగ్గవచ్చును. మన దేశమున స్త్రీలకు సామాన్యముగా 46, 47 ఏండ్ల ప్రాంతమున ముట్లు తమంతట తా ముడుగును. అప్పుడు హార్మోను మెల్లమెల్లగా తగ్గును. రెండండాశయములను తీసివేసినచో, నాలుగైదేండ్లలో జరుగవలసిన తగ్గుదల నాలుగైదు దినములలో జరిగిపోవును. ముప్పదినాలుగేండ్ల స్త్రీకి ఈ పని జరిగినచో, ఆమె యెముకలకు పండ్రెండేండ్లకు పైగా రావలసిన హార్మోను రాకుండ పోయినదన్న మాట.

ఈ హార్మోను చరిత్ర చాల పాతది కాదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ యను నిద్దరు 1923లో అండాశయములలో నొక ప్రభావవంతమైన రసమున్నదని జంతువులయందు నిరూపించిరి. 1929లో డాయిజీయు, జర్మనీలో బుటెనాంట్ అను రసాయనవేత్తయు, వేఱువేఱుగా, గర్భిణీస్త్రీల మూత్రమునుండి దానిని స్వచ్ఛమైన స్ఫటికములుగా వేఱుపఱచిరి. 1941లో బోస్టను నగరపు వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్, వెన్నెముకలు క్రుంగినవారిని పరీక్షించి, వారిలో నెక్కువమంది ముట్లుడిగిన స్త్రీలే యని గుర్తించి, ఎముకల బలహీనతకును ఈ హార్మోను లోపమునకును గల సంబంధమును వెల్లడించెను. వంగిన నడుము ముసలితనపు సహజలక్షణ మని లోక మనుకొనుచుండగా, దానికొక కారణ మున్నదని తెలిసిన దప్పుడే.

మన తెలుగునాటను ఈ విషయమున మంచి కృషి జరిగినది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయము నేడు జాతీయ పోషకాహార సంస్థ యని ప్రసిద్ధము. అచ్చట డాక్టరు వీణా శత్రుఘ్నయు తోడి పరిశోధకులును పేదకుటుంబముల స్త్రీల యెముకలను పరీక్షించి 2005లో ఫలితములను ప్రకటించిరి. 30 మొదలు 60 ఏండ్ల వయస్సుగల 289 మంది స్త్రీలను యంత్రముతో పరీక్షింపగా, తుంటివద్ద తొడయెముక మెడభాగమున, నూటికి సుమారు 29 మందికి ఎముకలు గుల్లబాఱియుండెను. వారు దినమునకు తిను కాల్షియము సుమారు 270 మిల్లీగ్రాములు మాత్రమే. భారత వైద్యపరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము ఒక్కొక్క స్త్రీకి దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెను, ముట్లుడిగినవారికి 1200. అనగా మన పేదస్త్రీ యెముక మొదటినుండియు పలుచనిగోడ. దానికి హార్మోనను ఆధారము కూడ ముప్పదియవ యేట తీసివేసినచో నేమగునో చదువరులే యూహింపగలరు. హైదరాబాదు వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి గార్లు 2009లో నాటి ఉమ్మడి రాష్ట్రమునందలి గర్భాశయపు ఆపరేషనులను పరిశీలించి, ఇది వైద్యనీతికి సంబంధించిన ప్రశ్న యని ధైర్యముగా వ్రాసిరి.

"అండాశయము లుంచి గర్భాశయము మాత్రము తీసిన నష్టము లేదు గదా?" యని కొందరడుగుదురు. ఉంచుట మేలే, సందేహము లేదు. కాని యంతటితో పూర్తిగా నిశ్చింత పడరాదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో ప్రకటించిన పరిశీలనలో, అండాశయము లుంచి గర్భాశయము మాత్రము తీసిన 406 మంది పడుచుస్త్రీలను, ఆపరేషను లేని 465 మందితో పోల్చిరి. నాలుగేండ్లకు మొదటి వర్గములో నూటికి 14.8 వంతున, రెండవ వర్గములో 8 వంతున అండాశయములు పనిచేయుట మానినవి. రక్తప్రసారము తగ్గుటచేత నిట్లు జరుగుచుండవచ్చునని పండితుల యూహ. రెండండాశయములను తీసివేసినవారి సంగతి మఱింత గట్టిది. మినెసోటా రాష్ట్రమున రాకా యను వైద్యుడును ఆయన సహచరులును 2006లో ప్రకటించిన దానినిబట్టి, 45 ఏండ్లలోపల రెండండాశయములును పోయి, హార్మోను మందుగా నైనను పొందని స్త్రీలలో మరణములు హెచ్చుగా నుండెను.

ఇచ్చట నొక చిక్కు గలదు. "హార్మోను మాత్రలు కాన్సరు తెచ్చును" అను భయము దేశమంతట వ్యాపించియున్నది. ఈ భయ మెచ్చటనుండి వచ్చినదో తెలిసికొనవలెను. అమెరికా ప్రభుత్వము నడపిన మహిళారోగ్య పరిశోధనలో 50 మొదలు 79 ఏండ్ల వయస్సుగల 16,608 మంది స్త్రీలపై ఈస్ట్రోజను, ప్రొజెస్టిను రెండును కలిపిన మాత్రను పరీక్షించిరి. వారందరికిని గర్భాశయ మున్నది. వారి సగటు వయస్సు 63 ఏండ్లు. 2002 జూలైలో ఆ పరీక్షను మధ్యలో నాపివేసిరి. ఏలయన ఏటికి 10,000 మందిలో 8 మందికి అదనముగా రొమ్ముకాన్సరు, 8 మందికి అదనముగా పక్షవాతము, 7 గురికి అదనముగా గుండెజబ్బు కనబడెను. తుంటియెముక విరుగుటలు మాత్రము 5 తగ్గినవి. ఈ వార్త ప్రపంచమంతట ప్రాకి, పడుచుస్త్రీలకు సైతము వైద్యులు మందు వ్రాయుటకు జంకునట్లు చేసినది.

కాని ఆ పరీక్ష చాలవఱకు అరువదేండ్లు దాటిన స్త్రీలకు క్రొత్తగా హార్మోను నిచ్చిన నేమగునని చూచినది. ముప్పదినాలుగేండ్ల స్త్రీకి, ఆమె దేహములో నుండవలసినదే లేకపోయినపుడు, దానిని తిరిగి యిచ్చుట వేఱు సంగతి. లేనిదానిని పూరించుట యొకటి, చాలినదానిమీద చేర్చుట యొకటి. పైగా గర్భాశయము లేని స్త్రీకి ఈస్ట్రోజ నొక్కటియే చాలును. గర్భాశయ మున్నవారికే ప్రొజెస్టరోను తోడుగా కావలెను. ఒంటి ఈస్ట్రోజను గర్భాశయపు లోపొరను మందముచేసి కాన్సరునకు దారితీయవచ్చును గనుక. అదే పరిశోధనలో గర్భాశయము లేని 10,739 మందికి ఈస్ట్రోజ నొక్కటియే యిచ్చి చూచిరి. 2004లో దానినిగూడ నాపిరి. పక్షవాతము హెచ్చినందున నాపిరి. కాని అందు రొమ్ముకాన్సరు పెరుగలేదు. తుంటియెముక విరుగుటలు తగ్గినవి. ఈ కారణములచేతనే, అకాలముగా హార్మోను కోల్పోయిన పడుచుస్త్రీకి, వేఱు అడ్డంకి లేనిచో, ముట్లు సహజముగా నుడుగవలసిన వయస్సు వచ్చువఱకు హార్మోను నిచ్చుట మంచిదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. రొమ్ముకాన్సరు వచ్చినవారు, సిరలలో రక్తము గడ్డకట్టినవారు, పక్షవాతము వచ్చినవారు, కాలేయవ్యాధి ముదిరినవారు మాత్రము దీనిని వాడరాదు. కాబట్టి పొరుగామె మాత్రలు తాను కొని మ్రింగుట యెంత తప్పో, భయపడి వైద్యుని యడుగకయే యుండుటయు నంత తప్పు.

ఇక ఆపరేషను మాట వచ్చినపు డడుగవలసిన ప్రశ్నలను చెప్పెదము. సోదరీమణులు వీనిని కాగితముపై వ్రాసికొని పోవచ్చును.

మొదటిది: నాకు రోగ మేమి? "సంచి వాచినది", "సంచి పుండైనది" యన్నంత మాత్రమున చాలదు. తెల్లబట్ట యొక్కటియే గర్భాశయమును తీయుటకు కారణము కాదు. అది సామాన్యముగా మందులతో పోవును.

రెండవది: మందులతో చూచితిరా? రక్తస్రావమును తగ్గించు మాత్రలు గలవు, హార్మోను మాత్రలు గలవు, గర్భాశయములో నుంచి కొన్ని యేండ్లు పనిచేయు హార్మోను లూపు గలదు. థైరాయిడు గ్రంథి చెడినను రక్తస్రావము హెచ్చును. దానికి రక్తపరీక్ష చాలును. రక్తహీనతకు ఇనుము మాత్రలు ముందుగా వాడవలెను.

మూడవది: కాన్సరు భయమా? అట్లయినచో పరీక్ష చేయించి కాగితము చూపుడనవలెను. గర్భాశయముఖమును పరీక్షించు పద్ధతులు సులువైనవి; ప్రభుత్వాసుపత్రులలోను చేయుదురు. "తీయకున్న కాన్సరగును" అను మాట పరీక్ష లేకుండ చెప్పదగినది కాదు.

నాలుగవది: అండాశయము లుంచెదరా, తీసెదరా? తీసినచో నెందుకు? ఇది ఆపరేషనునకు ముందే అడిగి తెలిసికొనవలసిన సంగతి. మన స్త్రీలలో ననేకులకు తమ అండాశయము లున్నవో లేవో నేటికిని తెలియదు. ఇంతకంటె విచారకరమైన దేమున్నది?

ఐదవది: మఱియొక డాక్టరునడుగ వచ్చునా? మంచివైద్యు డీ ప్రశ్నకు కోపపడడు.

ఆపరేషనే కూడదని మా యభిప్రాయము కాదు. కాన్సరు నిశ్చయమైనపుడు, ప్రసవమున రక్తస్రావ మాగక ప్రాణము మీదికి వచ్చినపుడు, పెద్ద కణుతులు మందులకు లొంగనపుడు ఆపరేషనే ప్రాణదాత. అట్టిచో వెనుదీయరాదు.

ఇదివఱకే తీయించుకొన్న సోదరి యేమి చేయవలెను? ఆసుపత్రి నుండి వచ్చునపు డిచ్చిన కాగితమును వెదకి తీయవలెను. అం దండాశయముల సంగతి వ్రాసియుండును. అవి పోయినను, ఉండియు ఒంట ఆవిరులు, నిద్రలేమి, గుండెదడ, మూత్రపుమంట, నడుమునొప్పి యున్నను, స్త్రీవైద్యురాలిని చూడవలెను. రక్తపరీక్షవలన అండాశయముల పనితీరు తెలియును. పట్టణములలో ఎముకల సాంద్రత చూచు యంత్రము గలదు. హార్మోను తగునో తగదో వైద్యురాలు నిర్ణయించును. ఇంటిలో మనము చేయదగినవియు గలవు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియ ముండును. రాగిజావ, రాగిసంకటి బీదవారి యింట నైనను చేసికొనవచ్చును. నువ్వులుండలు, మునగాకు, పాలు, మజ్జిగ, తినువారైనచో ముండ్లతో తిను చిన్నచేపలు మంచివి. ఎండలో కొంతసేపు నడువవలెను. ఎండ తగిలిననే దేహమున డి విటమి నేర్పడును. పాలు మగవారికి, మజ్జిగ పిల్లలకు, మిగిలిన నీళ్ళు తనకు అను ఇల్లాలి లెక్కను మాత్రము మార్చుకొనవలెను.

ప్రభుత్వమును న్యాయస్థానమును ఈ విషయమున కొంత మేల్కొన్నవి. అనవసరపు ఆపరేషనులను నివారించుటకై కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో నియమములను వెలువరించినది; జిల్లా, రాష్ట్ర, కేంద్రస్థాయిలలో పర్యవేక్షణ సంఘము లుండవలెనని వానిలో నున్నది. 2023 ఏప్రిలు 5వ తేదీని సుప్రీముకోర్టు, మూడు మాసములలో వానిని అమలు జరుపవలెనని రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. నియమము కాగితముపై నుండుట యొకటి, కట్టలేటి యొడ్డున నుండు ఇల్లాలికి అంది రక్షించుట యొకటి. ఆ రెంటికి నడుమ వంతెన కట్టవలసినవారు చదువుకొన్న స్త్రీలే.

అందుచేత మా ప్రార్థన యిది. ఈ పత్రిక మీ చేతికి వచ్చినది గాన మీరు చదివితిరి. మీ యింట గిన్నెలు తోము నామెకును, మీ చేలో మిరపకాయలు కోయు నామెకును, ఊరినుండి వచ్చిన మేనకోడలికిని ఈ నాలుగు మాటలు చదివి వినిపింపుడు. ఆమె ఆపరేషనుకు పోవుచున్నదని విన్నచో తోడుగా వెళ్ళి, ఆమె యడుగలేని ప్రశ్న మీ రడుగుడు. పిల్లలు కలిగిన తరువాత స్త్రీ దేహమునకు పని తీరిపోదు. ముప్పదినాలుగవ యేట ఆమెకు ఇంకను నలువదేండ్ల బ్రతుకున్నది. ఆ నలువదేండ్లును ఆమె తన కాళ్ళపై తాను నిలువవలసినవి.